గుర్రపుడెక్క చేలోకి వచ్చిన రెండు దారులు: గోదావరి డెల్టా శివారు పొలాల్లో ఒక కేస్ స్టడీ

వరిచేలో గుర్రపుడెక్క లాంటి, నీటి మీద తేలే కలుపు పడిందంటే రైతులు ముందు అడిగేది మందు పేరే. నేను ముందు అడిగేది ఆ కలుపు చేలోకి ఎటు నుంచి వచ్చిందని. ఆ సంగతి తేలకుండా ఏం చేసినా డబ్బు, కూలి రెండూ నీళ్లపాలు అవుతాయని స్పష్టంగా చూపించిన కేసు ఇది. అందుకే వివరంగా రాస్తున్నాను. ఊరు, డ్రెయిన్ (మురుగు కాలువ), రైతుల పేర్లు చెప్పడం లేదు. గుర్తుపట్టడానికి వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను.

నేపథ్యం

గోదావరి డెల్టాలో ఒక పంట కాలువ చిట్టచివరి భూములు. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ డెల్టాలో నీటి నడక ఒకటే: కాలువ నుంచి బోదెకు (చిన్న పిల్ల కాలువకు), బోదె నుంచి చేలోకి, చేలోంచి మురుగు కాలువకు, అక్కడి నుంచి సముద్రానికి. శివారు రైతుకు పంట నీరు అందరికన్నా చివర వస్తుంది, ముంపు నీరు అందరికన్నా ముందు వస్తుంది. ఈ చేలు డ్రెయిన్ గట్టును ఆనుకుని ఉన్నాయి. మామూలు రోజుల్లో చేలో నీరు డ్రెయిన్‌లోకి దిగుతుంది. జులై, ఆగస్టు వానలకు డ్రెయిన్ నిండితే అదే నీరు తూముల గుండా, గట్టు తెగిన చోట్ల గుండా వెనక్కి ఎగదన్ని చేలోకి వస్తుంది.

డ్రెయిన్ నిండా గుర్రపుడెక్క. పక్కనే చేపల చెరువులు. చెరువుల నీరు మార్చినప్పుడు మేత మిగులు, ఎరువుల సారం కలిసిన నీళ్లు డ్రెయిన్‌లోకి వస్తాయి. నత్రజని, భాస్వరం ఉన్న నీరు దొరికితే ఈ మొక్కకు అంతకన్నా కావలసింది లేదు. సార్వాలో (ఖరీఫ్‌లో) ఎక్కువగా స్వర్ణ (ఎం.టి.యు. 7029) అనే వరి రకం వేస్తారు, ఊడ్పులు జులైలో. సాగుదారుల్లో చాలామంది కౌలు రైతులు. ఈ ఒక్క సంగతి తర్వాత చాలా నిర్ణయాలను మార్చింది, ఎందుకంటే వచ్చే ఏడాది లాభం కోసం ఈ ఏడాది ఖర్చు పెట్టమంటే కౌలు రైతు ఒప్పుకోవడం కష్టం. వచ్చే ఏడాది ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో అతనికే తెలియదు.

కేసులోకి వెళ్లే ముందు మొక్క గురించి కొంచెం చెప్పాలి.

గుర్రపుడెక్క పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతం. పూల అందం చూసి ముచ్చటపడి దేశదేశాలకు తీసుకెళ్లారు. మన దేశానికి 19వ శతాబ్దం చివర్లో బెంగాల్ మీదుగా వచ్చింది. అక్కడ వరిచేలను, పడవ దారులను ఎంతగా ముంచిందంటే 1936లో దీన్ని అదుపు చేయడానికే బెంగాల్‌లో ప్రత్యేకంగా ఒక చట్టం తెచ్చారు.

ఇది రెండు రకాలుగా పెరుగుతుంది. తల్లి మొక్క నుంచి పక్కకు ఒక తీగ సాగి, దాని చివర పిల్ల మొక్క పుడుతుంది. తీగ తెగితే అది సొంతంగా బతుకుతుంది. వేడి, సారం ఉన్న నీటిలో మొక్కల సంఖ్య రెండు వారాల్లోపే రెట్టింపు కావచ్చు. రెండో దారి విత్తనం. పూత ముగిశాక పూకాడ వంగి నీటిలోకి దిగుతుంది, కాయ అక్కడే పండి పగులుతుంది. సన్నటి విత్తనాలు అడుగు బురదలోకి చేరతాయి. అవి 15-20 ఏళ్ల వరకు మొలకెత్తే శక్తిని నిలుపుకోగలవు. మొలవాలంటే వెలుతురు, వెచ్చదనం, తడి బురద లేదా చాలా లోతు తక్కువ నీరు కావాలి. బురద ఒకసారి ఎండి మళ్లీ తడిస్తే మొలక ఇంకా బాగా వస్తుంది. వరి రైతు జూన్‌లో చేలో చేసే పని సరిగ్గా ఇదే.

చేలోకి దిగినప్పుడు పనికొచ్చే మరో గుర్తు ఉంది. ఖాళీ నీటిలో పెరిగే మొక్కకు కాడలు పొట్టిగా, బుడగల్లా ఉబ్బి ఉంటాయి. ఇరుకుగా, ఒత్తుగా పెరిగిన చోట కాడలు సన్నగా, పొడవుగా లేస్తాయి, బుడగ దాదాపు ఉండదు. విత్తనం నుంచి వచ్చిన లేత మొక్క ఈ రెండింటిలా ఉండదు. మొదట బురదలోనే వేరు పెట్టి, రిబ్బను ముక్కల్లాంటి సన్నటి ఆకులు వేస్తుంది. కొన్ని వారాల తర్వాతే గుండ్రటి ఆకులు వచ్చి, బురద వదిలి పైకి తేలుతుంది. ఈ కేసు మలుపు తిరిగింది ఈ గుర్తు దగ్గరే.

సమస్య

ఆగస్టులో ముంపు తగ్గాక నన్ను పిలిచారు. డ్రెయిన్ వైపు మడుల్లో గుర్రపుడెక్క తెప్పలు తెప్పలుగా, తడిసిన పరుపు పరిచినట్టు వరి మీద పడి ఉంది. కింద దుబ్బులు వంగి నీటిలో ఉన్నాయి. ఊడ్చి 50 రోజులు దాటిన పైరు, అంకురం ఏర్పడే దశకు, అంటే దుబ్బు లోపల వెన్ను పుట్టే దశకు దగ్గర్లో ఉంది. డ్రెయిన్‌కు దూరంగా ఉన్న మెరక మడుల్లో తెప్పలు లేవు కానీ, దుబ్బుల మధ్య చిన్న చిన్న మొక్కలు వేలల్లో ఉన్నాయి.

రైతుల లెక్క ప్రకారం ఇది ఒకే సమస్య: డ్రెయిన్‌లోది చేలోకి వచ్చింది. పెద్ద తెప్పలు ముందు ఆగిపోయాయి, చిన్న మొక్కలు లోపలికి కొట్టుకుపోయాయి. వినడానికి బాగానే ఉంది. కానీ మెరక మడుల్లో మొక్కలు పీకి చూస్తే చాలావాటి వేళ్లు బురదలో దిగి ఉన్నాయి, అడుగున రిబ్బను ఆకులు ఇంకా రాలలేదు. అంటే అవి కొట్టుకొచ్చినవి కావు, అక్కడే మొలిచినవి. ముంపు నీరు అసలు ఎక్కని మడుల్లో కూడా అవి ఉన్నాయి.

మరి విత్తనం అక్కడికి ఎలా చేరింది? ఆ ముందు వేసవిలో డ్రెయిన్‌ను పొక్లెయిన్‌తో బాగు చేశారు. తీసిన పూడిక సారవంతంగా కనిపించడంతో రైతులు ట్రాక్టర్లతో తోలుకుని మడుల్లోని పల్లపు చోట్లు ఎత్తు చేసుకున్నారు, గట్లకు వేసుకున్నారు. కొన్నేళ్లుగా పూసి కాసిన గుర్రపుడెక్క కింది బురద అది. ఆ బురదను ఎండబెట్టి, చేలో పరిచి, జూన్‌లో తడిపి, వెలుతురులో ఉంచారు. పూడిక వేయని మడులు, వేసిన మడులు పక్కపక్కనే ఉన్న చోట తేడా గట్టు గీసినట్టు కనిపించింది. దీంతో అనుమానం తీరిపోయింది.

అంటే ఒకే మొక్క రెండు దారుల్లో వచ్చింది. డ్రెయిన్ వైపు వచ్చింది వరద సమస్య, అంటే గట్టు, తూముల సమస్య. మెరక మడుల్లోది విత్తనం సమస్య, అంటే దమ్ము (ఊడ్పులకు ముందు తడి నేలను బురదగా దున్నడం) సమస్య. ఒక చోట చేసే పని రెండో చోట పనికిరాదు.

ముందే చేసి చూసినవి, పనికిరానివి

నేను వెళ్లేటప్పటికే కూలీలను పెట్టి తీయించడం మొదలైంది. తీసినది గట్టు మీదే కుప్ప వేశారు. ఆగస్టు వానల్లో గట్టు మీద కుప్ప ఎండదు, లోపలి మొక్కలు పచ్చగానే ఉంటాయి. తర్వాతి వానకు సగం కుప్ప మళ్లీ చేలోకి జారింది. ఇంకో లెక్క కూడా ఉంది. ఒత్తుగా ఉన్న తెప్ప చదరపు మీటరుకు పాతిక కిలోలు తూగుతుంది అనుకున్నా, ఎకరం నిండితే దాదాపు 100 టన్నులు. అందులో 90 శాతానికి పైగా నీళ్లే. అంత బరువు చేతులతో మోయించడం ఏ కౌలు రైతు వల్ల అవుతుంది? చేలో పడ్డాక తీయడం అత్యవసరంలో చేసే పని మాత్రమే, దాన్నే ఏటా నమ్ముకుంటే కుదరదని ఆ లెక్కతో అందరికీ అర్థమైంది.

ఒక రైతు తన మడిలో నీరు పూర్తిగా తీసేశారు. నీరు లేకపోతే నీటి మొక్క చస్తుందన్న ఆలోచన. తెప్ప నేరుగా దుబ్బుల మీద కూర్చుంది, వేళ్లు బురదలో పాతుకున్నాయి. తడి బురద మీద గుర్రపుడెక్క వారాల తరబడి బతుకుతుంది. అదే సమయంలో వరి ఊపిరాడక పసుపు తిరిగింది.

ఇక మందు. 2,4-డి సోడియం సాల్ట్ 80 శాతం పొడిని ఎకరానికి 400 గ్రాములు, ఊడ్చిన 25-30 రోజుల మధ్య, వరిలో వెడల్పాకు కలుపుకు వాడటం మన ప్రాంతంలో అందరికీ తెలిసిందే. గుర్రపుడెక్క కూడా వెడల్పాకు మొక్కే, ఈ మందుకు చస్తుంది. అందుకే "కొట్టేద్దామండీ" అని ఒత్తిడి బాగా వచ్చింది. నేను వద్దన్నాను. కారణాలు చెబుతాను.

మొదటిది పైరు వయసు. అంకురం ఏర్పడే దశలో 2,4-డి పడితే వరి వెన్నే వంకర తిరగవచ్చు, తాలు పెరగవచ్చు. రెండోది, మందు మొక్కను చంపుతుంది కానీ దాని బరువును తీయదు. చచ్చిన తెప్ప వరి మీదే కుళ్లుతుంది. మూడోది, వరి ఆకుల నీడలో ఉన్న లేత మొక్కల మీద పిచికారీ సరిగా పడదు. నాలుగోది చుట్టుపక్కల మొక్కలు. డ్రెయిన్ గట్టు మీద ఇళ్లవాళ్లు బెండ, వంగ, టమాటా వేసుకున్నారు. 2,4-డి తుంపర గాలికి కొట్టుకుపోయినా చాలు, ఈ మొక్కల ఆకులు ముడుచుకుపోతాయి.

అయినా ఒక మడిలో కొట్టారు. నాలుగైదు రోజులకే గుర్రపుడెక్క కాడలు మెలితిరిగాయి, తర్వాత గోధుమ రంగుకు వచ్చాయి. చూసినవాళ్లు సంతోషించారు. ఆ తర్వాత తెప్ప కుళ్లి నీరు నల్లబడింది, వాసన మొదలైంది. కింద దుబ్బులు లేవలేదు. కలుపు చచ్చింది, పంట దక్కలేదు. అదే వారంలో ఎగువన ఎవరో డ్రెయిన్‌లోనే మందు కొట్టారు. కొట్టినవాళ్లు ఎవరో తేలలేదు. ఒక్కసారిగా అంత మొక్క కుళ్లితే నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది. ఆ నీరే చెరువులోకి తోడుకునే రైతుకు టెన్షన్ పట్టుకుంది, ఊళ్లో మాటా మాటా పెరిగింది. డ్రెయిన్ నీరు అందరిదీ. అందులో మందు కొట్టే నిర్ణయం ఒక్కరు తీసుకునేది కాదు.

ఉప్పు సంగతి కూడా ఎవరో లేవనెత్తారు. సముద్రపు పోటు నీరు ఎక్కే ఏట్లో తెప్పలు చచ్చిపోవడం వాళ్లు చూశారు. చూసింది నిజమే, గుర్రపుడెక్క ఉప్పునీటిని తట్టుకోదు. కానీ వరి దిగుబడి తగ్గడం మొదలయ్యే ఉప్పదనం (ఉప్పదనాన్ని కొలిచే లెక్కలో మీటరుకు 3 డెసీసైమన్లకు అటూ ఇటూ) గుర్రపుడెక్కను చంపే ఉప్పదనం కన్నా చాలా తక్కువ. కలుపు చచ్చేలోపు వరి పోతుంది, నేల కూడా పాడవుతుంది. ఆ ఆలోచన అక్కడితో ఆగింది.

మునక తట్టుకునే రకం వేస్తే సరిపోదా అన్న ప్రశ్న కూడా వచ్చింది, అది మంచి ప్రశ్నే. 2009లో మన దేశంలో విడుదలైన స్వర్ణ సబ్-1 రెండు వారాల దాకా మునకను ఓర్చుకుంటుంది. అయితే అది ఓర్చుకునే పద్ధతి గమనించాలి. నీటిలో ఉన్నంతకాలం సాగకుండా, శక్తి ఖర్చు చేయకుండా పొట్టిగా ఉండిపోయి, నీరు దిగాక తేరుకుంటుంది. నీరు దిగేసరికి పైన తెప్ప కూర్చుని ఉంటే తేరుకునే వీలు ఎక్కడ? మునకకు ఆ రకం మంచిది. తెప్ప బరువుకు మాత్రం జవాబు కాదు.

పెంకు పురుగుల గురించి

ఒక యువరైతు ఫోన్‌లో చూసి అడిగాడు: "గుర్రపుడెక్కను తినే పురుగులు ఉంటాయట కదండీ, తెప్పించుకుందామా?" అవి కొత్తగా తెప్పించాల్సిన పని లేదు. నియోకెటినా అనే ముక్కుపురుగులు రెండు జాతులను 1980ల మొదట్లో బెంగళూరుకు తెప్పించి, పరీక్షించి దేశంలో వదిలారు. ఈ డ్రెయిన్‌లో కూడా ఆకుల మీద అవి గీకి తిన్న చిన్న చిన్న మచ్చలు కనిపించాయి. పెద్ద పురుగు ఆకును గీకుతుంది, పిల్లపురుగు కాడను తొలుస్తుంది, నీటి కింద వేళ్లలో గూడు కట్టుకుని కోశస్థ దశ గడుపుతుంది. వరిని ముట్టదు.

నాకు ఈ పురుగులంటే గౌరవం. నిలకడగా ఉండే చెరువుల్లో కొన్నేళ్లకు అవి మొక్కను బాగా బలహీనపరుస్తాయి. కానీ ఇది చెరువు కాదు. ఏటా వరదకు తెప్పలు పురుగులతో సహా సముద్రానికి పోతాయి, పూడిక తీసినప్పుడు మళ్లీ పోతాయి, మందు కొడితే వాటికి తిండే ఉండదు. పైగా చెరువుల సారంతో మొక్క పెరిగే వేగం పురుగు తినే వేగాన్ని మించిపోతుంది. అందుకని వాటి మీద ఆశ పెట్టుకోలేదు. ఒక్క పని చేశాం: వరిచేలకు సంబంధం లేని ఒక పాత గుంటలో పురుగు పట్టిన తెప్పను కదపకుండా వదిలాం. డ్రెయిన్‌లో తెప్ప మళ్లీ పెరిగినప్పుడు పురుగు అక్కడి నుంచి చేరుతుందని. అందుకు ఖర్చేమీ లేదు.

ఫలించినవి

ఆ సీజనులో పంటను కాపాడటం మొదటి పని. నీరు తీసేయకుండా, కొద్దిగా నిలిపి ఉంచాం. తెప్ప తేలుతూ ఉంటే దాని బరువును నీరు మోస్తుంది, మనిషి లాగడమే చాలు. ఇక్కడ అనుకోని మేలు ఒకటి జరిగింది. దోమపోటు (వరి దుబ్బుల్లో చేరి రసం పీల్చే దోమల బెడద) రాకుండా గాలి ఆడాలని ప్రతి రెండు మీటర్లకు తూర్పు పడమరలుగా 20 సెంటీమీటర్ల కాలిబాటలు తీయమని ఎప్పుడూ చెబుతుంటాం. తీసిన మడుల్లో కూలీలు ఆ బాటల్లో నడిచి, కొడవలితో తెప్పను ముక్కలు కోసి, వెదురు గడకు కట్టిన కొంకితో బాట వెంట గట్టుకు లాగారు. బాటలు తీయని మడుల్లో తెప్ప తీయడానికి దిగినవాళ్ల కాళ్ల కిందే చాలా దుబ్బులు పోయాయి.

తెప్ప తీసే దాకా పైపాటు యూరియా ఆపమన్నాను. నీటిలో చల్లిన యూరియాను ముందు అందుకునేది నీటిలో వేలాడే వేళ్లు. వరికి అని చల్లింది కలుపుకు పోతుంది. తెప్ప తీసి, నీరు దించి, బురద పదునులో యూరియా వేసి, మర్నాడు మళ్లీ నీరు పెట్టారు. దుబ్బులు పోయిన చోట కొందరు పక్క మడిలో ఒత్తుగా ఉన్న దుబ్బులు చీల్చి నాటారు. ఆ వయసులో నాటినవి అంతంతమాత్రమే పండాయి. అయినా ఖాళీలో కలుపు పెరగడం కన్నా నయం.

అసలు పని ఆ తర్వాతి వేసవిలో మొదలైంది.

ముందు గట్టు. డ్రెయిన్ వైపు గట్టు మొత్తం ఎత్తు చేద్దామని పెద్ద రైతుల ఆలోచన. ఖర్చు సంగతి పక్కన పెడితే, వరద ఎంత ఎత్తు వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఎక్కడో ఒక చోట తెగుతుంది, తెగిన చోటి నుంచి తెప్ప వస్తుంది. అందుకని నీరు ఎక్కడ ఎక్కాలో మనమే నిర్ణయిద్దామన్నాను. గట్టు మొత్తం ఒక మోస్తరు ఎత్తు చేసి, ఒకే చోట కొంచెం పల్లంగా, పొర్లడానికి వీలుగా వదిలాం. ఎక్కే నీరు అక్కడే ఎక్కాలి. అక్కడ, తూముల ముందు వెదురు తడికలు కట్టాం.

తడిక కట్టే తీరు ముఖ్యం. రైతులు మొదట నీటికి ఎదురుగా అడ్డంగా కట్టారు. తెప్ప వచ్చి తడికకు ఒత్తుకుని నీటిని ఆపేసింది, వెదురు వంగింది. తర్వాత నీటి నడకకు ఏటవాలుగా కట్టాక, వచ్చిన తెప్ప తడిక వెంట జారి ఒక మూలకు చేరింది. ఆ మూలలో గట్టు మీద నిలబడి లాగేయవచ్చు. తడిక అంతా చేల వైపు తూముల దగ్గర, గట్టు మీదే. డ్రెయిన్‌లో మాత్రం ఒక్క కర్ర పాతనివ్వలేదు. డ్రెయిన్ నీటికి అడ్డం పెడితే ఎగువ ఊళ్లు మునుగుతాయి, అది తప్పు కూడా.

రెండోది, కాలువ కట్టేసే రోజులు. ఏప్రిల్, మే నెలల్లో డ్రెయిన్‌లో నీరు అడుగంటుతుంది, తెప్పలు ఒడ్డుకు దగ్గరగా చిక్కుకుంటాయి. చేల పొడవునా ఉన్న భాగంలో అప్పుడు తీయించాం. ఎండల్లో తీసినది తీసినచోటే రోజుల్లో వడలి తేలికవుతుంది. ఆగస్టులో వారాలు పట్టే పని మేలో చాలా తక్కువ మందితో అయింది. పూత ఎక్కువగా ఉన్న తెప్పలు ముందు తీయమన్నాను, ఎందుకంటే పూకాడ నీటిలోకి వంగక ముందే తీస్తే ఆ ఏడాది విత్తనం బురదకు చేరదు.

తీసినదాన్ని ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబు కొబ్బరి తోటల రైతులు ఇచ్చారు. ఈ మొక్కలో పొటాష్ బాగా ఉంటుంది, పాదుల్లో పరిస్తే తేమ నిలుస్తుంది. వడలినదాన్ని వాళ్లే బండ్ల మీద తీసుకెళ్లారు, రవాణా ఖర్చు తప్పింది. నేను పెట్టిన నియమం ఒకటే: మెరక తోటలకే వెళ్లాలి. తడి బురద లేని చోట దాని విత్తనానికి మొలిచే దారి లేదు. నీటి ఒడ్డున ఉన్న తోటలకు ఇవ్వలేదు. వరిచేలకు కంపోస్టు కావాలన్నవారు పేడతో పొరలు పొరలుగా వేసి, లోపల బాగా వేడెక్కేలా మగ్గబెట్టి, పూత రాని మొక్కలతోనే చేశారు.

పూడిక మట్టి చేలోకి తోలడం ఆగిపోయింది. ఇది చెప్పినంత తేలిక కాదు. సారవంతమైన మట్టి ఊరికే వస్తుంటే వద్దనమంటే ఎవరు వింటారు? పూడిక వేసిన మడిలోని మట్టి, వేయని మడిలోని మట్టి రెండు బేసిన్లలో పోసి, తడిపి, ఎండ తగిలే చోట పెట్టి చూపించాం. కొద్ది రోజులకు ఒక బేసిన్‌లో పచ్చగా మొలకలు వచ్చాయి. ఆ తర్వాత ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు.

ఇప్పటికే విత్తనం పడ్డ మడుల సంగతి వేరు. అక్కడ వేసవిలో ఎండబెట్టడం ఒక్కటే చేస్తే నష్టమే, ఎండి తడిసిన విత్తనం ఇంకా బాగా మొలుస్తుంది కాబట్టి. అయితే ఆ గుణాన్నే మనకు అనుకూలంగా వాడుకోవచ్చు. జూన్‌లో మొదటి నీరు రాగానే దమ్ము చేయకుండా, మడిని పలచటి తడిలో సుమారు రెండు వారాలు వదిలాం. మొలకలు వచ్చాయి, రిబ్బను ఆకుల దశలో ఉన్నాయి, వేళ్లు ఇంకా బురదలోనే. అప్పుడు దమ్ము చేస్తే అవి బురదలో కూరుకుని చస్తాయి. ఆలస్యమైతే మొక్క పైకి తేలుతుంది, తేలిన మొక్కను దమ్ము చంపదు, పక్కకు నెడుతుంది అంతే. అందుకే తేలిన మొక్కలు ముందే ఏరి, ఆ తర్వాతే ట్రాక్టరు దింపాలి. శివారుకు నీరు ఆలస్యంగా వస్తుంది కనుక ఈ రెండు వారాలు దొరకడం కష్టం. ఊడ్పులు వెనకబడకుండా నారుమడిని బోరు నీటితో ముందే పోసుకున్నవారికి ఇది కుదిరింది, మిగతావారికి పాక్షికంగానే కుదిరింది.

ఈ మడుల్లో నేరుగా విత్తనం చల్లే పద్ధతి కొన్నాళ్లు ఆపమన్నాను. వెదజల్లిన వరి, గుర్రపుడెక్క ఒకే వయసులో మొదలవుతాయి. ముదురు నారు ఊడిస్తే వరి నీడ త్వరగా కమ్ముతుంది, మొలకకు కావలసిన వెలుతురు తగ్గుతుంది.

ఊడ్పుల తర్వాత వారానికోసారి గట్ల వెంట తిరిగి బుడగ కాడల మొక్కలు ఏరడం చివరి పని. ఇది ఎందుకు అంత ముఖ్యమో రైతులతో లెక్క వేయించాను. జులైలో పది మొక్కలు వదిలేస్తే, రెండు వారాలకోసారి రెట్టింపు అనుకుంటే, పన్నెండు వారాలకు 640. అదే పది మొక్కలు ఏరడానికి పట్టేది కొద్ది నిమిషాలు. కూలి ఎవరిస్తారన్న దగ్గర మళ్లీ కౌలు సమస్య వచ్చింది. చివరికి గట్టు, తడికల ఖర్చు భూమి యజమానులది, ఏరే పని కౌలుదార్లది అని మాట్లాడుకున్నారు. చెరువు రైతు కూడా తడికలకు కొంత ఇచ్చారు, డ్రెయిన్‌లో మందు పడకపోతే తనకే మేలని.

అజొల్లా గురించి చిన్న హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. ఏరే ఉత్సాహంలో ఒకరి మడిలో అజొల్లాను కూడా ఏరేశారు. తేలే ప్రతి మొక్కా కలుపు కాదు. అజొల్లా ఆకుల్లో ఉండే నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది, కలిపి దున్నితే ఎరువు. ఏరేవారికి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించాలి.

ఆ తర్వాత

తర్వాతి సార్వాలో వరద వచ్చింది, తెప్పలూ వచ్చాయి. తడికల దగ్గర ఆగాయి, మూల నుంచి లాగేశారు. ఒక తూము దగ్గర తడిక పక్క నుంచి గండి పడి ఒక మడిలోకి వచ్చింది. అది ఆ రోజే తీశారు. పూడిక మడుల్లో మొలకలు తగ్గాయి కానీ పోలేదు, ఇంకా చాలా ఏళ్లు వస్తాయి. బురదలో ఉన్న విత్తనం ఆయుష్షు అంత. ఏటా రెండు వారాల తడి, ఆ తర్వాత దమ్ము కొనసాగించాల్సిందే.

కొత్తగా ఒకటి మొదలైంది. గుర్రపుడెక్క తీసేసిన డ్రెయిన్ భాగంలో ఖాళీ నీరు, వెలుతురు దొరికేసరికి అంతరతామర అనే మరో తేలే మొక్క పెరుగుతోంది. సారం తగ్గనిదే ఒకటి తీస్తే ఇంకొకటి ఆ చోటును ఆక్రమిస్తుంది. చెరువు నీరు నేరుగా డ్రెయిన్‌లోకి వదలకుండా ముందు ఒక గుంటలో నిలబెట్టే విషయం ఇంకా మాటల్లోనే ఉంది. అంతరతామర మొక్క చిన్నది, వెదురు తడికల సందుల్లోంచి దూరిపోతోంది. ఈసారి తడికల వెనక చేపల వల కట్టి చూస్తున్నాం. వలకు చెత్త పట్టి నీరు ఆగుతోంది కాబట్టి, వరద రోజుల్లో పూటకోసారి దులపడానికి ఒక మనిషి అక్కడే ఉండాల్సి వస్తోంది.